పోగుంటలో పెట్టిన మొక్క

పరదేశయ్య గారిని ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. పని చెప్పేవాడు. దేవుడున్నాడా అని అడిగినవాడి చేత ఒకసారి పశువుల కొట్టం కడిగించాడు. వాడు కడిగి, నీళ్ళు పోసుకుని, అన్నం తిని వెళ్ళాడు గానీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆశ్రమం అంటే పెద్ద భవంతేం కాదు. ఊరవతల నల్లరేగడి చేను, చేను మధ్య రేకుల పాక, ఒక వంటిల్లు, ఒక బోరు. వచ్చినవాళ్ళకి పెట్టేది ఆ చేలో పండిందే. వండేది నేను. కాబట్టి ఎవరు ఏం అడిగారో, దానికి ఏం పని చేసి పోయారో నా చెవిన పడేది. ఇది అంకయ్య అడిగిన సంగతి.

అంకయ్య పక్క పాలెం రైతు. పదేళ్ళ నుంచి పరదేశయ్య గారి శిష్యుడు. ముగ్గురు ఆడపిల్లలు. పెద్దది తిరుపతమ్మని ఏరు దాటి అవతల ఊళ్ళో ఏడుకొండలు అనే అతనికిచ్చాడు. రెండోది నాగేంద్రం, ఇంటరు చదివి కుట్టుమిషను నేర్చుకుంటోంది. మూడోది పండు, ఇంకా బడికి పోతోంది. ఆ శ్రావణంలో తిరుపతమ్మ పురుగుమందు తాగి చచ్చిపోయింది. కడుపునొప్పి భరించలేక తాగిందని పోలీసులు రాసుకున్నారు. మా వైపు ఏ ఆడది మందు తాగినా కడుపునొప్పే. అంతకు మించి ఎవరూ తవ్వరు. ఆమెకి ఏడాది నిండని ఆడబిడ్డ. ఆ బిడ్డ అప్పటికి అంకయ్య ఇంట్లోనే, నాగేంద్రం చంకలో ఉంది.

మనిషి పోయిన ఇంటికి ముందు పలకరించేవాళ్ళు వస్తారు, తర్వాత సలహాలిచ్చేవాళ్ళు వస్తారు. వాళ్ళు కూడా వచ్చి వెళ్ళాక అంకయ్య ఆశ్రమానికి వచ్చాడు. పరదేశయ్య గారు అరుగు మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాడు. అంకయ్య కింద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“నాగేంద్రాన్ని ఏడుకొండలుకే ఇమ్మంటున్నారండీ అందరూ. కార్తీకం దాటితే మూఢం. ఈలోపు చెయ్యకపోతే బిడ్డని తీసుకుపోతానంటున్నాడు. తీసుకుపోతే ఇక మా గడప తొక్కనియ్యడు.”

“నువ్వేమంటావు?”

“నేను సేద్యం చేసేవాణ్ణండీ, నాకు తెలిసింది చెప్తా. సాలులో పోగుంట పడితే వదిలేస్తామా? వదిలేస్తే గరికో తుంగో లేస్తది. ఆ ఇంట్లో ఎవత్తో పరాయిది వచ్చి కూర్చుంటే నా మనవరాలి గతి ఏంది? మన నారే మనం పెట్టుకుంటే సరిపోయిద్ది గదా. తప్పంటారా గురువుగారూ?”

“నాగేంద్రం ఏమంది?”

“దానికేం తెలుసండీ. చిన్నపిల్ల.”

పరదేశయ్య గారు చేటని ఒకసారి ఎగరేసి పప్పు సర్దాడు. “మన మిరప తోటలో కూడా పోగుంటలు పడ్డయ్. పెట్టే మనిషి లేడు. ఆ పని నువ్వు చెయ్యి. పెట్టినవి నిలదొక్కుకుని కొత్త చిగురు వేశాక రా. ముహూర్తం నేనే పెడతాను.”

అంకయ్యకి పెద్ద బరువు దించినట్టయింది. పోగుంటంటే చేలో పుట్టి పెరిగినవాళ్ళకి కొత్త కాదు. నాటిన మొక్క చచ్చి సాలులో ఖాళీ పడితే, అక్కడ ఇంకో మొక్క పెడతారు. నాటిన కొత్తలోనే పెట్టాలి. ఆలస్యమైతే పక్క మొక్కలు ఒళ్ళు చేస్తయ్. అది అందరికీ తెలుసు. ఆశ్రమం తోటలో అప్పటికే కొంచెం ఆలస్యమైంది. అయినా అంకయ్యకి అది లెక్కలోకి రాలేదు. “అదెంత పనండీ, మబ్బుగా ఉంది, ఈ పూటే మొదలుపెడతా,” అని లుంగీ ఎగ్గట్టాడు.

పనిమంతుడు. ఆ మాట కాదనను. నారుమడిలో తడి పెట్టి, వేరు తెగకుండా నారు లాగి, తడి గోనెలో చుట్టి తెచ్చాడు. తోటలో ఖాళీలు అన్నీ ఒక మాదిరివి కాదు. కొన్నిచోట్ల నాటేటప్పుడు కూలీలు మాటల్లో పడి వదిలేశారు. కొన్నిచోట్ల లేత మొక్కని మేక కొరికిపోయింది. తూర్పు మూల మటుకు, ఎదిగిన మొక్కలే నిలువునా వడలిపోయి ఎండినయ్. ఆ మూల నిరుడు మాగని పెంట తోలారు. అంకయ్య అవేం చూడలేదు. ఖాళీ కనపడితే మొక్క పెట్టాడు. ఎండిన మొక్క ఉన్నచోట దాన్ని లాగి పక్కన పడేసి, ఆ గుంటలోనే కొత్తది దోపాడు. గుంట ఎటూ గుల్లగా ఉంది, తవ్వే పని తప్పింది. మడమతో నొక్కి చెంబెడు నీళ్ళు పోశాడు. పొద్దు గుంకేసరికి అయిపోయింది. పచ్చగా, వరసగా, ఎక్కడా వెలితి లేనట్టు ఉంది తోట.

“చూడక్కా,” అన్నాడు నాతో, కాళ్ళు కడుక్కుంటూ. “ఇల్లయినా ఇంతే. ఖాళీ ఉండకూడదు.”

నేను అన్నం వడ్డించాను.

మర్నాటి నుంచి నీళ్ళు పొయ్యడానికి నాగేంద్రం వచ్చేది. బిడ్డని నా దగ్గర వదిలి, బోరు దగ్గర బిందె నింపుకుని సాలు సాలుకీ తిరిగేది. చెంబు వంచితే మొక్క మొదట్లోనే పడేది, ఆకు మీద చుక్క పడేది కాదు. రెండు మూడు రోజులు చూసి నేనే కదిపాను.

“ఏమే, ఇవి బతికితే ఏమయిద్దో తెలుసా నీకు?”

“తెలుసు పెద్దమ్మా.”

“తెలిసీ ఇంత ఒద్దికగా పోస్తున్నావేందే?”

“మొక్కలేం చేసినయ్ నన్ను?” అని బిందె దించి, బిడ్డని ఎత్తుకుంది. బిడ్డ దాని మెళ్ళో పూసలు లాగుతోంది. “అక్క రెండుసార్లు వచ్చేసింది పెద్దమ్మా. ఒకసారి పన్ను ఊడి, ఇంకోసారి నడవలేక. రెండుసార్లూ నాన్నే సైకిలెక్కించుకుని దిగబెట్టొచ్చాడు. రెండోసారి ఎక్కేటప్పుడు దాని చెప్పులు మా ఇంట్లోనే మర్చిపోయింది. ఇప్పుడవి నేనే వేసుకుంటున్నా.”

చూశాను. మడమ దగ్గర అరిగిన చెప్పులు. దానికి కొంచెం పెద్దవి.

“చెయ్యనని చెప్పవే.”

“చెప్తే దీన్ని తీసుకుపోతాడు,” అంది బిడ్డని చూపించి. మళ్ళీ బిందె ఎత్తుకుంది.

ఒక రోజు ఏడుకొండలు మోటారుసైకిల్ మీద వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, మాట మెత్తన. పరదేశయ్య గారి కాళ్ళకి మొక్కి, నాకూ దణ్ణం పెట్టాడు. బిడ్డని ఎత్తుకోబోతే అది మొహం తిప్పేసుకుంది. నవ్వేశాడు. తర్వాత మావగారితో కలిసి తోట చూడ్డానికి వెళ్ళాడు. నేను గట్టు పక్కన గోంగూర కోస్తున్నాను.

“తిరుపతమ్మ చీరలు అట్టాగే మడతపెట్టి ఉన్నయ్ మావా. మరదలికి కొత్తవి తెచ్చే పని లేదు.” అతను తూర్పు మూలకి వచ్చి ఆగాడు. అక్కడ పెట్టిన మొక్కలు తలలు వేలాడేసినయ్. “ఇవి పొయ్యేటట్టున్నయ్యే?”

“అదే చూస్తున్నా. నీళ్ళు సరిపోలేదేమో.”

“దీనికింత దిగులెందుకు మావా? పోయింది పీకెయ్, ఇంకోటి పెట్టు. నారుమడినిండా నారుంది. పెద్దాయన వచ్చి చూసే రోజుకి పచ్చగా ఉంటే చాలు గదా.”

అంకయ్య అటూ ఇటూ చూశాడు. నన్ను చూశాడు గానీ, గోంగూర కోసుకునేదాన్ని లెక్కపెట్టలేదు.

ఆ సాయంత్రం పడిపోయిన మొక్కలు పీకి, అదే గుంటల్లో ఇంకో వరస పెట్టాడు. అవీ వారానికే వడిలినయ్. కార్తీకం దగ్గరపడింది. పురోహితుడు కబురు మీద కబురు పంపుతున్నాడు. మళ్ళీ పీకాడు, మళ్ళీ పెట్టాడు. ఈసారి గుప్పెడు బూడిద కూడా వేశాడు. తలొంచి గబగబా చేస్తున్నాడు, దొంగతనంగా ఏదో పాతిపెడుతున్నట్టు. నాగేంద్రం గట్టు మీద నిలబడి చూస్తోంది. బిందె చేతిలో ఉంది, నీళ్ళు పొయ్యడం లేదు.

“పొయ్యవే,” అన్నాడు తండ్రి.

“ఎన్ని పెడతావు నాన్నా?”

“నోరు మూసుకుని పొయ్యి.”

పోసింది.

మర్నాడు పొద్దున్నే అంకయ్య ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చాడు. పెళ్ళాం నాగరత్తమ్మ పళ్ళెంలో పసుపు, తమలపాకులు తెచ్చింది. పండు చంకలో బిడ్డ. “మొక్కలు నిలదొక్కుకున్నయ్ గురువుగారూ,” అన్నాడు. పరదేశయ్య గారు కండువా భుజాన వేసుకుని, మన్ను తవ్వే తొలిక ఒకటి చేతికి తీసుకుని తోటలోకి నడిచాడు. మేమందరం వెనక నడిచాం.

కూలీలు వదిలేసిన చోట, మేక కొరికిన చోట మొక్కలు చక్కగా అందుకున్నయ్. నాలుగేసి ఆకులు, నడిమిన లేత చిగురు. కొంచెం ముందుకు పోతే పాత మొక్కలు రెండు వైపుల నుంచీ కొమ్మలు చాపి కలిసిపోయినయ్. వాటి మధ్య పెట్టింది బతికే ఉంది. బతికుందంటే అంతే. ఎండ కోసం దారప్పోగులాగా సాగి, తెల్లబారి, ఒక పక్కకి వాలిపోయింది. పూత రాదు, కాయ రాదు. తోట ఎత్తేసే దాకా అట్టాగే ఉండిద్ది. పరదేశయ్య గారు దాని దగ్గర ఆగి, పక్క మొక్క కొమ్మని కొంచెం ఎత్తి చూసి, వదిలేశాడు. కొమ్మ మళ్ళీ దాని నెత్తినే పడింది. నాగరత్తమ్మ అది చూసింది. పళ్ళెం ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

తూర్పు మూలలో మొక్కలు పచ్చగా నిలబడి ఉన్నయ్. ఆయన చతికిలబడి ఒకదాన్ని చూశాడు. చిగురు లేదు. మొదట్లో మన్ను కొత్తది. బూడిద ఇంకా తెల్లగా ఉంది.

“తవ్వు,” అని తొలిక అంకయ్యకి ఇచ్చాడు.

“బాగానే ఉంది గదండీ, ఎందుకు...”

“తవ్వు.”

అంకయ్య తవ్వాడు. జానెడు లోతు పోకముందే, మాగని పెంటతో వచ్చే వేరుపురుగు బయటపడింది. బొటనవేలంత లావు, తెల్లగా, తల ఎర్రగా, కొడవలిలాగా వంకర తిరిగి పడుకుంది. కొత్త మొక్క వేళ్ళు అప్పటికే సగం లేవు. పక్కన మట్టిలో నల్లబడిన పాత వేళ్ళ ముక్కలు. పురుగు కంగారేం పడలేదు. ఎండ తగిలితే కొంచెం కదిలింది, అంతే. దానికి తిండి ఎవరో తెచ్చి నోటికి అందిస్తున్నారు, దానికేం తొందర?

“మొదటిది చచ్చినప్పుడు, ఎందుకు చచ్చిందో చూశావా?”

“చచ్చినదాన్ని చూసేదేముందండీ. ఖాళీ కనపడింది, పెట్టాను.”

“ఈ గుంటలో నువ్వు పెట్టింది ఇది ఎన్నోది?”

అంకయ్య తొలిక కింద పెట్టి, పురుగున్న మట్టిపెళ్ళని చేతిలోకి తీసుకున్నాడు. వెనక నాగేంద్రం నిలబడి ఉంది, అక్క చెప్పుల్లో. దాని పక్కన పండు, చంకలో బిడ్డతో.

“మూడోదండీ.”

“నీకూ ముగ్గురేగా,” అన్నాడు పరదేశయ్య గారు. లేచి పాక వైపు వెళ్ళిపోయాడు.

నాగరత్తమ్మ పళ్ళెం గట్టు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. “నేను చూశాను,” అంది. “శవానికి నీళ్ళు పోసేటప్పుడు పెద్దదాని వీపు చూశాను. కడుపునొప్పికి వీపు మీద అట్టా ఉంటదా?” ఎవరితో అంటోందో తెలియదు. అంకయ్య పెళ్ళాం వైపు చూడలేదు. చేతిలో మట్టిపెళ్ళ, పెళ్ళలో పురుగు. ఒక్కసారి అసహ్యం పుట్టినట్టు దాన్ని బలంకొద్దీ గట్టు అవతలికి విసిరేశాడు. గట్టు అవతల వేరేవాళ్ళ చేను. వాళ్ళూ అప్పుడే మిరప పెట్టారు. విసిరి, చేతులు తుడుచుకుని, “పదండి,” అన్నాడు. పాక ముందు అరుగు మీద కూర్చున్న పరదేశయ్య గారు అటే చూస్తున్నాడు.

కార్తీకం వెళ్ళిపోయింది. ముహూర్తం పెట్టలేదు. ఏడుకొండలు నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చి బిడ్డని తీసుకుపోయాడు. అది నాగేంద్రం మెళ్ళో పూసలు పట్టుకుని వదల్లేదంట. దండ తెగి పూసలు వాకిలంతా పడినయ్. రోజుల తరబడి వాకిలి చిమ్మినప్పుడల్లా ఒకటో రెండో చీపురుకి తగిలేవని పండు చెప్పింది. నాగేంద్రం కుట్టుమిషను ముందు కూర్చుంది. ఊరు అంకయ్యని చిత్రంగా చూసింది. కూతురు బిడ్డని వదిలేసుకున్నాడని కొందరు, పోనీలే తెలివైనపని చేశాడని కొందరు.

మూఢం వెళ్ళగానే ఏడుకొండలు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. గుట్టల వైపు ఊరి పిల్ల. తల్లీ తండ్రీ లేరు, మేనమామ ఇంట్లో పెరిగింది. పేరు సింగారమ్మ. ఆ సంబంధం కుదురుతోందని తెలిసినప్పుడే నాగేంద్రం తండ్రి వెంటపడింది. “ఆ మేనమామకి కబురు చెయ్యి నాన్నా. అక్క సంగతి చెప్పు. పెళ్ళి ఆపకపోతే పోనీ, వాళ్ళకి తెలిసన్నా ఉండాలి గదా.” అంకయ్య ఒప్పుకోలేదు. “మన గడప దాటింది, చాలు. మంది గొడవ మనకెందుకు?” అన్నాడు. నాగరత్తమ్మ కూడా మొగుడి మాటే అంది. మళ్ళీ అటు మనవరాలుంది, గొడవ పెట్టుకుంటే దాన్ని కళ్ళారా చూడటం కూడా కుదరదేమోనని ఆమె భయం.

పై ఏడు మిరప కోతలప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం అంకయ్య ఆశ్రమానికి వచ్చాడు. చెప్పులు కూడా లేవు కాళ్ళకి. కళ్ళంలో కాయలు ఆరబోసి ఉన్నయ్. వాటి ఘాటుకి తుమ్ములొస్తున్నయ్ అందరికీ. పరదేశయ్య గారు తాలుకాయలు ఏరుతున్నాడు. అంకయ్య ఎదురుగా కూర్చున్నాడు. మంచినీళ్ళిచ్చాను, తాగలేదు.

“ఆ సింగారమ్మ పోయిందండీ,” అన్నాడు. “రాత్రి.”

పరదేశయ్య గారు కాయలు ఏరుతూనే ఉన్నాడు.

“కడుపునొప్పంట.”

గట్టు అవతల చేలో కూలీలు కాయ కోస్తున్నారు. ఆ చేను ఆ ఏడు మా గట్టు వైపంతా పోయింది. సాలుకి పది మొక్కలు కూడా లేవు. అంకయ్య కాసేపు అటు చూసి తల దించుకున్నాడు.

“నా పిల్లని నేను కాపాడుకున్నా గదండీ గురువుగారూ. నేను చేసిన తప్పేముంది ఇందులో?”

పరదేశయ్య గారు చేతిలో తాలుకాయని పక్కన పెట్టాడు.

“ఆ పొద్దు పురుగుని ఎటు విసిరావు అంకయ్యా?” అన్నాడు.